కనిపించని వాయువుకు తూకం

తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసే వాయువు ఒకటుంది, కార్బన్ మోనాక్సైడ్. ఇన్నేళ్లుగా నేను ఆకాశంలో వెతుకుతున్నది దాన్నే.

నక్షత్రాలు చల్లటి హైడ్రోజన్ మేఘాల్లో పుడతాయి. ఆ చలిలో హైడ్రోజన్ అణువు మూగది, మన రేడియో టెలిస్కోపులకు దాని ఉలుకూ పలుకూ అందదు. దాంతో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ మాత్రం 2.6 మిల్లీమీటర్ల తరంగం మీద పలుకుతుంది. 1970లో ఓరియన్ నీహారికలో ఆ పలుకు మొదటిసారి దొరికింది. అది ఎంత గట్టిగా వినిపిస్తే హైడ్రోజన్ అంత ఉందని లెక్క కడతాం.

ఈ లెక్క ఒకచోట తప్పింది. ఆర్ప్ 220 మనకు సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రెండు గెలాక్సీలు అక్కడ కలిసిపోతున్నాయి. నక్షత్రాల మధ్య బోలెడంత ఖాళీ కనుక అవి ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోతాయి. వాయువుకు ఆ వీలు లేదు. ఢీకొంటుంది, ఊపు పోగొట్టుకుంటుంది, నడిబొడ్డుకు జారి పోగుపడుతుంది. మన పాలపుంతకు సరిపోయే లెక్కతోనే దాన్ని తూచారు. అక్కడి పదార్థం తిరిగే వేగాన్ని బట్టి మొత్తం బరువు ఎంతో తెలుసు. వాయువు బరువు ఆ మొత్తాన్నే మించేలా వచ్చింది! బియ్యం బస్తా కన్నా అందులోని బియ్యం ఎక్కువ తూగినట్టు. పాలపుంతలో వాయువు విడివిడి మేఘాలుగా ఉంటుంది. ఆర్ప్ 220లో మాత్రం నక్షత్రాల సందుల్లో కూడా నిండి, వేడెక్కి ఉంది. అందుకే ఉన్నదాని కన్నా పెద్ద గొంతుతో పలికింది. 1990లలో ఖగోళ శాస్త్రవేత్తలు డౌన్స్, సాలమన్‌లు దీన్ని తేల్చారు, లెక్కను సుమారు అయిదో వంతుకు దించారు. నా దృష్టిలో కొత్త టెలిస్కోపు కట్టడం కన్నా ఈ దిద్దుబాటు గొప్పది.

అలా సరిచేసుకున్న తక్కెడతోనే 2003లో క్వేసార్ జె1148+5251లోని వాయువును తూచారు. క్వేసార్ అంటే, మీద పడే పదార్థాన్ని మింగే కృష్ణబిలం చుట్టూ వెలిగే మహాకాంతి. ఈ క్వేసార్‌లోని కృష్ణబిలం దాదాపు 300 కోట్ల సూర్యులంత బరువుంది. న్యూమెక్సికోలోని 27 డిష్‌ల టెలిస్కోపు అక్కడి కార్బన్ మోనాక్సైడ్ పలుకును అందుకుంది. బయల్దేరినప్పుడు ఒక మిల్లీమీటరు కూడా లేని తరంగం, విశ్వంతోపాటు సాగి సాగి 6.4 మిల్లీమీటర్లయి చేరింది. వాయువు దాదాపు 2,000 కోట్ల సూర్యుల బరువు తూగింది.

ఆ తరంగం బయల్దేరేనాటికి విశ్వం వయసు 90 కోట్ల ఏళ్లు కూడా లేదు. విశ్వం పుట్టినప్పుడు కార్బన్ లేదు, ఆక్సిజన్ లేదు. రెండూ నక్షత్రాల కడుపులో తయారైనవే. అంటే అప్పటికే అక్కడ నక్షత్రాలు పుట్టాయి, మండాయి, పేలిపోయాయి కూడా.