సీటును కదిలించే మోటారు



మోటారు అనగానే సోలాపూరు పద్మశాలి వాడలలో మరమగ్గమే స్ఫురిస్తుంది. కొన్ని కార్లలో సీటు క్రింద కూడ చిన్న విద్యుత్ మోటార్లు ఉంటాయి. మీట నొక్కినంతనే మోటారు పళ్ళచక్రాల ద్వారా స్క్రూ కడ్డీని త్రిప్పుతుంది. సీటు పట్టాలపై ముందుకు జరుగుతుంది. విద్యుత్ దిశ మారిస్తే వెనుకకు వస్తుంది. మోటారు ఆగితే ఆ మరపళ్ళే సీటును కదలనీయక పట్టి ఉంచుతాయి. పొట్టివారి పాదమైనా, పొడగరి పాదమైనా బ్రేకును సుఖంగా అందుకోవాలన్నదే దాని పరమార్థం. అనగా, మనిషికి తగినట్లు యంత్రమే ఒదుగుతున్నది.

తెలంగాణ పల్లెలలో నేతగాడు గుంట మగ్గంపై కూర్చుండి, కాళ్ళతో పలకలు త్రొక్కుతూ, చేతితో నాడె ఆడించేవాడు. ఆ పల్లెల నుండి సోలాపూరు చేరిన కుటుంబాలకు మరమగ్గం జీవనాధారమైనది. మోటారు చేతిశ్రమను తగ్గించినది. కాని కూర్చునే చోటును తొలగించినది. మగ్గాల నడుమ తిరుగుతూ, తెగిన పోగును ముడివేస్తూ, కార్మికుడు నిలబడియే షిఫ్టు గడుపుతాడు. నిలబడి పనిచేసేవారికి వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 44వ సెక్షను విధించినది.

ఈ వాడల బిడ్డలు రేపటి ఇంజనీర్లు. డ్రైవరు కొరకు సీటును కదిలించిన విద్య, నేతన్న కొరకు ఒక పీటనైనా వేయాలి. చదువుకు అదే సార్థకత.