నైజాము గ్యారంటీడు రైల్వే కంపెనీ

బెజవాడనుండి సికింద్రాబాదునకు రైలులో పోవువారికి డోర్నకలు, వరంగల్లు, కాజీపేట, జనగామ అను స్టేషన్లు ఒకదాని వెంట నొకటి వచ్చును. నేడు ఆ మార్గము భారత ప్రభుత్వమునకు చెందినది. కాని దానిని వేసినది లండను నగరమున పుట్టిన యొక కంపెనీ. దాని పేరు 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే'. ఈ పేరు మొదట వినినప్పుడు నాకొక సందేహము కలిగెను. నిజామెవరో తెలియును, స్టేటనగా తెలియును, రైల్వే యనగా పసిపిల్లలకును తెలియును. నడుమనున్న 'గ్యారంటీడు' అను మాట యేమి? ఎవరు, ఎవరికి, దేనికి హామీ యిచ్చిరి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొన్నచో ఆ కంపెనీ చరిత్ర చాలవరకు చెప్పుకొన్నట్లే.

మన దేశమున రైలుమార్గములు వేయుటకు 1849వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీవారు రెండు రైల్వే కంపెనీలతో ఒడంబడికలు చేసికొనిరి. ఇంగ్లండులోని వాటాదారులు పెట్టుబడి పెట్టవలెను. ఆ పెట్టుబడిపై నూటికి 5 వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము పూచీపడవలెను. రైలు లాభము తెచ్చినచో మంచిదే. తేకున్నచో తక్కువపడిన సొమ్మును ప్రభుత్వము తన బొక్కసమునుండి పూరింపవలెను. బొక్కసము నిండునది రైతు కట్టిన శిస్తుతో గదా! భారత ప్రభుత్వమున ఆర్థికశాఖ నిర్వహించిన విలియం మాసీ 1872లో పార్లమెంటు విచారణ సంఘము నెదుట ఈ పద్ధతిలోని దోషమును దాచక చెప్పెను. తనకు రావలసిన వడ్డీ తప్పక వచ్చునని తెలిసినప్పుడు, తన ధనము హుగ్లీ నదిలో పడినను, ఇటుకలు సున్నముగా మారినను వాటాదారునకు ఒకటే యని ఆయన మాటల సారాంశము.

హైదరాబాదు రాజ్యమున మొదటి మార్గము ఈ విధమున వేయబడినది కాదు. బొంబాయి మదరాసు నగరములను కలుపు పెద్దమార్గము 1871 నాటికి ఆ రాజ్యపు పడమటి జిల్లాల మీదుగా పోయెను. ఆ మార్గముపైనున్న వాడి స్టేషనునుండి సికింద్రాబాదువరకు, సుమారు 120 మైళ్ల శాఖను నిజాము ప్రభుత్వము తన ధనముతో వేయించెను. ఆంగ్లేయులకు సికింద్రాబాదులోని సేనానివేశము ముఖ్యము. రాజధానికి వర్తకము ముఖ్యము. 1874వ సంవత్సరము అక్టోబరు మాసమున ఆ మార్గమున బండ్లు నడువ నారంభించెను. అప్పటి దివాను మొదటి సాలారుజంగు.

ఆ మార్గమును తూర్పునకు పొడిగించి, తెలంగాణపు బొగ్గును పత్తిని బయటికి చేర్చవలెనను ఆలోచన ఆ పిమ్మట బలపడెను. 1883 ఫిబ్రవరిలో సాలారుజంగు మరణించెను. నిజాము మహబూబు అలీఖాను అప్పటికి బాలుడు. 1884లో గాని ఆయనకు పాలనాధికారము సంక్రమింపలేదు. ఇట్టి సంధికాలమున, 1883లోనే, లండను కంపెనీతో వ్యవహారము కుదిరెను. పెట్టుబడిపై నూటికి 5 వంతున 20 సంవత్సరములపాటు వడ్డీకి నిజాము ప్రభుత్వము హామీ యిచ్చెను. అంతకు పూర్వము రాజ్యధనముతో వేసిన వాడి మార్గము గూడ 1885 నుండి ఆ కంపెనీ యధీనమయ్యెను. పేరులోని హామీ యిదియే. ఇచ్చినది హైదరాబాదు బొక్కసము. పుచ్చుకొన్నది లండను వాటాదారు.

దీనిని ప్రజలు నోరు మెదపక సహించిరని తలపరాదు. వరంగల్లు మీదుగా చాందావరకు మార్గము వేయు ఆ పథకముయొక్క షరతులేమో, రాజ్యముపై పడు భారమెంతయో ప్రజలకు తెలియజేయవలెనని నగరములోని విద్యావంతులు కొందరు సభలు చేసి యడిగిరి. వారిలో ముఖ్యులు ముల్లా అబ్దుల్ ఖయ్యూము, డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. ప్రభుత్వమునకు కోపము వచ్చెను. 1883 మే మాసమున అఘోరనాథుని రాజ్యమునుండి వెడలగొట్టిరి. ఆయన కుమార్తె సరోజినికి అప్పుడు నాలుగేండ్ల వయస్సు. కొంతకాలమునకు ఆయనను మరల రానిచ్చిరి. లెక్క చూపుడని అడుగుట రాజద్రోహము కాదని ఒప్పుకొనుటకు పాలకులకు ఎప్పుడును కొంతకాలము పట్టును.

శ్రోతలారా! కంపెనీ పనిచేయలేదని చెప్పుట నా యుద్దేశము కాదు. పని చురుకుగనే జరిగెను. 1886లో మార్గము వరంగల్లు చేరెను. 1888లో డోర్నకలునుండి ఇల్లెందు బొగ్గు గనులకు శాఖ యేర్పడెను. 1889 ఫిబ్రవరిలో రైలు బెజవాడ చేరెను. ఇల్లెందు బొగ్గు ఇంజనులకు ఆహారమయ్యెను. గనులనుబట్టి రైలును, రైలునుబట్టి గనులును వృద్ధిపొందెను. అయినను తొలి సంవత్సరములలో రాబడి హామీకి చాలక, లోటును రాజ్యమే భరింపవలసి వచ్చెను. ఏ చాందా మార్గము పేర అంత కలహము జరిగెనో, ఆ దిక్కున కాజీపేటనుండి బల్లార్షా వరకు దారి పూర్తియగుట 1929లో! ఆ ముక్క కలియుటతో మదరాసునుండి ఢిల్లీకి నేరుగా దారి యేర్పడినది. మరుసటి సంవత్సరము, 1930 ఏప్రిలు 1వ తేదీన, నిజాము ప్రభుత్వము కంపెనీనుండి రైల్వేను స్వాధీనము చేసికొనెను. 1932లో అదే రైల్వే 27 మోటారు బస్సులతో రోడ్డు రవాణాను గూడ ప్రారంభించెను. 1951లో రైల్వే మధ్య రైల్వేలో కలిసిపోయెను. 1966లో సికింద్రాబాదు ముఖ్యస్థానముగా దక్షిణ మధ్య రైల్వే యేర్పడెను.

ఇంతవరకు చెప్పినది కాగితముమీది హామీ. ఏ ఒడంబడికలోను వ్రాయబడని హామీ మరియొకటి కలదు. అది లేనిచో పట్టాలు ఇనుప కమ్ములుగా నుండునేగాని మార్గము కావు.

రైలుకట్ట వేయునాడు మట్టిపనికి పేరుపడిన ఒడ్డెవారివంటి కూలీలు గుంటలు త్రవ్వి, మట్టిని తట్టలతో మోసి కట్ట పోసిరి. త్రవ్విన గుంట నడుమ ఒక మట్టిదిమ్మెను త్రవ్వక విడుతురు. దాని యెత్తునుబట్టి గుంట లోతును కొలిచి కూలి లెక్కకట్టుదురు. ఆ కూలికి ఇరువది యేండ్ల హామీ లేదు. దిమ్మె యెంత యెత్తో కూలి యంతే.

కట్ట పోసిన తరువాత పని ముగిసినదని యనుకొందుము; నిజమునకు అప్పుడే మొదలగును. బండి పోయినప్పుడెల్ల కంకర కొంచెము కదలును. ఎండకు పట్టా సాగును, చలికి ముడుచుకొనును, అతుకులు వదులగును. వానకు కట్ట జారును. కావున మార్గమును కొన్ని మైళ్ల చొప్పున విభజించి ఒక్కొక్క భాగమును ఒక గ్యాంగునకు అప్పగింతురు. గ్యాంగునకు మేస్త్రి యుండును. కీమాను అనువాడు సుత్తి, స్పానరు, ఎఱ్ఱజెండా, పచ్చజెండా పట్టుకొని ప్రతిదినము తన భాగమంతయు నడచి, రెండు పట్టాలను చూచి, వదులైన బిగింపులను బిగించును. వానకాలపు రాత్రులందు కాపలావాడు దీపము పట్టుకొని కట్టవెంట నడచును. సరిహద్దునొద్ద ఇరుప్రక్కల కాపలావారు కలిసికొని తమ పుస్తకములు మార్చుకొందురు. ఇద్దరును నిజముగా నడచిరనుటకు ఆ మార్పిడియే సాక్ష్యము. నేడు పట్టాలోని పగుళ్లను కనిపెట్టు యంత్రములు వచ్చినవి, దిమ్మలు కాంక్రీటువైనవి. అయినను మనుష్యుని నడక మాత్రము మానలేదు.

ఈ రెండవ హామీ యొకచో తప్పినచో నేమగునో మన నేలయే చూచినది. 1954 సెప్టెంబరులో జనగామ సమీపమున, ఆ కంపెనీ వేసిన మార్గముపైననే, వాగుపొంగునకు వంతెన కూలి, బండి నీటిలో పడి నూరుమందికి పైగా మరణించిరి. రెండేండ్లకు, 1956 సెప్టెంబరులో, జడ్చర్ల మహబూబునగరముల నడుమ మరియొక వంతెన కూలి అట్టి ఘోరమే జరిగెను. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూరు శాస్త్రిగారు పదవిని విడుతునని చెప్పగా ప్రధానమంత్రి అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరులో తమిళదేశమున అరియలూరునొద్ద మరల ప్రమాదము జరుగగా ఆయన పదవిని వదలుకొనిరి. వంతెన కట్టినవాడు తాను కాదు, వాగు పొంగించినవాడు తాను కాదు. అయినను పూచీ తనదే యని ఆయన యెంచిరి. హామీ యను మాటకు అర్థము అది.

వడ్డీకి హామీ యిచ్చినవారి సంతకములు దస్త్రములలో నున్నవి. వాటాదారులకు రావలసినది వచ్చినది. ఆ గడువు ఎన్నడో తీరినది. కీమాను ఇచ్చు హామీకి సంతకము లేదు. దాని గడువు ఒక్క దినము. మరునాటి యుదయమున మరల నడచి మరల ఇయ్యవలెను. ఈసారి మీరు ఆ దారిని ప్రయాణము చేయునప్పుడు కిటికీనుండి చూడుడు. బండికి తొలగి, కట్ట యంచున సుత్తి భుజమునవేసికొని నిలుచున్న మనుష్యు డొకడు కనబడును. మన పూచీకత్తు అతడే.