ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పి.జి. చదువు: మా అనుభవాలు

(సంఘం వార్షికోత్సవ సభలో పూర్వ విద్యార్థులు చదివిన ప్రసంగ పాఠం)



ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో పి.జి. చదివి వచ్చిన పిల్లలు తమ అనుభవాలు నాలుగు మాటల్లో చెప్పాలని కార్యదర్శిగారు కోరారు. మేము ఐదుగురం. ఒకరు ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, ఇద్దరు ఎం.బి.ఎ., ఒకరు ఎం.టెక్., ఒక సోదరి ఎం.ఫార్మసీ చదివాము. ఐదుగురం కూర్చుని మాట్లాడుకుని, అందరమూ ఒప్పుకున్న సంగతులే ఈ కాగితం మీద పెట్టాము. "మావాణ్ణి అక్కడ చేర్పించమంటారా?" అని మమ్మల్ని అడిగే తండ్రులు చాలామంది ఉన్నారు. వారికి ఇదే మా జవాబు. ఏ సంస్థ పేరూ చెప్పము. ఒకరిని పొగడటమో, ఒకరిని తిట్టడమో మా ఉద్దేశ్యం కాదు.

మొట్టమొదట తెలుసుకోవలసింది, ఆ సంస్థకు డిగ్రీ ఇచ్చే అధికారం ఉందా అని. మన దేశంలో 1956 నాటి యు.జి.సి. చట్టం ప్రకారం, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయమో, 'డీమ్డ్' హోదా పొందిన సంస్థో, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థో మాత్రమే డిగ్రీ ఇవ్వాలి. రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం కింద వచ్చినవి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టం 2016లో, తెలంగాణలో 2018లో వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నాటి చట్టం కింద వందకు పైగా విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి. కొన్నింటికి సరైన భవనం కూడా లేదు. 2005లో సుప్రీంకోర్టు వాటిని ఏర్పరచిన నిబంధనలను కొట్టివేసింది. అంచేత పెద్ద గేటు, పచ్చిక, ఏ.సి. హాలు చూసి నిర్ణయానికి రాకూడదు. యు.జి.సి. వెబ్‌సైటులో గుర్తింపు పొందిన వాటి జాబితా, బోగస్ వాటి జాబితా రెండూ ఉంటాయి. సెల్‌ఫోనులో ఐదు నిమిషాల పని. ఫార్మసీ వంటి కోర్సులకైతే ఫార్మసీ కౌన్సిల్ అనుమతి కూడా చూసుకోవాలి.

ఇక చదువు సంగతి. మనలో చాలామంది పిల్లలది మూడు భాషల బతుకు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పి.జి.కి వచ్చేసరికి అంతా ఇంగ్లీషు. మొదటి సెమిస్టరులో సెమినారు ఇవ్వమంటే విషయం తెలిసి కూడా నోరు పెగలక నిలబడిపోయిన పిల్లలను చూశాము. మార్కులు తక్కువని కాదు, మాట రాదని వెనక బెంచీకి వెళ్ళిపోతారు. మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. రాత్రి ఇషా తరువాత హాస్టలు గదిలో ఒక్కొక్కరు ఒక్కో పాఠం చదివి, ముందు తెలుగులో, తరువాత ఇంగ్లీషులో మిగతావారికి చెప్పాలి. మాతోపాటు రాయలసీమ నుంచి వచ్చిన హిందూ మిత్రులు, ఒక క్రైస్తవ మిత్రుడు కూడా కూర్చునేవారు. మూడు నెలలు గడిచేసరికి అందరికీ బెరుకు తగ్గింది. మన పిల్లలు తెలివితక్కువవారు కారు. భయం పోయేదాకా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, అంతే.

అక్కడ మంచి అధ్యాపకులు లేరని ఎవరైనా అంటే నమ్మవద్దు. ప్రభుత్వ యూనివర్శిటీలలో ఖాళీలు భర్తీ కాక, బాగా చదువుకున్న యువ అధ్యాపకులు చాలామంది ఈ వైపు వచ్చారు. ఇంటికి పిలిచి చెప్పినవారూ ఉన్నారు. కాకపోతే వారు తరచు మారిపోతుంటారు. మా కెమిస్ట్రీ సోదరునికి రెండేళ్ళలో ఒకే పేపరుకు ముగ్గురు మారారు. లాబొరేటరీలో ఖరీదైన యంత్రాలున్నాయి, కానీ అవి ఎక్కువగా పరిశోధన చేసేవారికే. మావాడు శనివారం సాయంత్రాలు లాబ్ అసిస్టెంటుగారి వెంట ఉండి, సీసాలు కడిగి పెట్టి, ఆ యంత్రం నడపడం నేర్చుకున్నాడు. మందుల కంపెనీలో ఇంటర్వ్యూలో అడిగింది సరిగ్గా అదే. తోటివారు కొందరు అమీర్‌పేటలో డబ్బిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకున్నారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోయారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు మా సోదరి చెప్పమన్న మాట ఇది. చేర్చేముందు హాస్టలుకు తల్లి స్వయంగా వెళ్ళి చూడాలి. వార్డెనుతో మాట్లాడాలి. గేటు ఎన్ని గంటలకు మూస్తారు, లాబ్ ఆలస్యమైతే ఎవరు తీసుకువస్తారు అని అడగాలి. రంజాన్ నెలలో ఏమవుతుందోనని వాళ్ళ అమ్మీకి బెంగగా ఉండేది. నలుగురు అమ్మాయిలు కలిసి మెస్సు సూపర్‌వైజరును అడిగితే, సహరీకి చపాతీలు, కూర రాత్రే డబ్బాల్లో పెట్టించి ఇచ్చాడు. తెల్లవారుజామున లేపింది ఆమె గదిలో ఉండే హిందూ అమ్మాయి. అడగకుండా ఇబ్బంది పడేకన్నా మర్యాదగా అడిగితే జరిగే పనులే ఎక్కువ.

ఇప్పుడు డబ్బు మాట. కాగితం మీద కనిపించే ట్యూషన్ ఫీజు ఒకటి, చివరికి చెల్లించేది ఒకటి. మాలో ఒకరికి ట్యూషన్ ఫీజు ఏడాదికి 90 వేలు. హాస్టలు, మెస్సు, పరీక్ష ఫీజు, రకరకాల 'స్పెషల్' ఫీజులు కలిపి 1 లక్షా 85 వేలు దాటింది. కాబట్టి రెండేళ్ళకు మొత్తం ఎంతో ఒకే కాగితం మీద రాయించి, ముద్ర వేయించుకుని అప్పుడు నిర్ణయించాలి. "వంద శాతం ఉద్యోగాలు" అనే ప్రకటన చూసినప్పుడు, అది బి.టెక్. పిల్లల లెక్కా, మీ పి.జి. కోర్సు లెక్కా అని అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది సర్టిఫికెట్ల సంగతి. మా ఎం.బి.ఎ. సోదరుని తండ్రిగారికి వెల్డింగ్ షాపు. రెండో ఏడాది ఆయనకు ఆపరేషను జరిగి షాపు నాలుగు నెలలు మూతబడింది. ఫీజు 40 వేలు బాకీ పడింది. సరిగ్గా అప్పుడే ఉద్యోగం వచ్చింది. పదిహేను రోజుల్లో డిగ్రీ ఒరిజినల్స్ చూపించాలన్నారు. చేరేటప్పుడే తీసుకుని ఆఫీసులో పెట్టుకున్న ఒరిజినల్స్ అవి. బాకీ తీరిస్తేగాని ఇవ్వమన్నారు. విద్యార్థుల ఒరిజినల్స్ సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని, సరిచూసి తిరిగి ఇచ్చేయాలని యు.జి.సి. 2018 అక్టోబరులో నోటిఫికేషను ఇచ్చింది. ఆ కాపీ చూపిస్తే "పైవాళ్ళను అడగాలి" అన్నారు. మూడుసార్లు తిరిగాక, వాళ్ళ మామూ ఎక్కడెక్కడో అడిగి డబ్బు సర్దితే పదమూడో రోజున కాగితాలు చేతికొచ్చాయి. ఈ రోజు అతను ఉద్యోగంలో ఉన్నాడు. అదే క్లాసులో అదే ఇబ్బందిపడ్డ మరో కుర్రవాడికి అలాంటి మామూ లేడు. అతను సెల్‌ఫోను దుకాణంలో పనిచేస్తున్నాడు. సర్టిఫికెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇద్దరి మార్కులూ ఇంచుమించు ఒకటే.

ఆ నోటిఫికేషనులోనే సీటు వదులుకుంటే ఫీజు ఎంత తిరిగి ఇవ్వాలో కూడా ఉంది. చేరికల ఆఖరు తేదీకి పదిహేను రోజుల ముందే చెబితే, 5 శాతం మించకుండా, అదీ 5 వేల రూపాయలకు లోపే మినహాయించుకుని మిగతాదంతా ఇవ్వాలి. ఆఖరు తేదీ దాటి ముప్పయి రోజులైతే ఏమీ రాదు. ఆ తరువాత ఏ యేటి ఉత్తర్వులు ఆ యేడు వస్తున్నాయి కనుక, చేరే సంవత్సరపు ఉత్తర్వు చూసుకోవాలి.

పిహెచ్.డి. ఆలోచన ఉన్నవారికి రెండు మాటలు. 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్ళు పడుతుంది. ఒక ప్రొఫెసరు ఎనిమిదిమందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి గైడుగా ఉండరాదు. ముందు గైడు దగ్గర ఖాళీ ఉందో అడగండి. మైనారిటీ విద్యార్థులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవారికి ఆపేశారు. కాబట్టి నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించడం ఒక దారి. 2023 జనవరి నుంచి అది నెలకు 37 వేలుగా నిర్ణయించారు.

చివరగా సంఘానికి మా విన్నపాలు మూడు. ఒకటి, బయట చదివి వచ్చిన మన పిల్లల పేర్లు, కోర్సులు ఒక రిజిస్టరులో రాసి ఉంచండి. కొత్తగా చేరేవారు ముందు వారితో మాట్లాడతారు. రెండు, బ్యాంకు వడ్డీ వద్దనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. చదువు మధ్యలో ఇల్లు తలకిందులైన పిల్లలకు, ముఖ్యంగా చివరి సెమిస్టరులో, వడ్డీలేని అప్పు ఇచ్చే చిన్న నిధి పెట్టండి. ఉద్యోగం రాగానే తిరిగి కడతారు. మా ఐదుగురం మొదటి నెల జీతంలో కొంత ఇప్పటికే పక్కన పెట్టాము. మూడు, ఆఫీసు చుట్టూ ఒంటరిగా తిరిగే పిల్లవాడి వెంట సంఘం లెటరుహెడ్‌తో ఒక పెద్దమనిషి వెళితే చాలు, సగం పని అవుతుంది.

ఇంతకీ చేర్పించమంటారా అంటే, అడగవలసినవి అడిగి, లెక్క తేల్చుకుని, చేర్పించండి. సభ ముగిశాక మేము ఇక్కడే ఉంటాము. ఫీజు కాగితాలు తెచ్చినవారు చూపించండి, కలిసి చదువుదాము.