కొండల ఎత్తులు - కొలతల సవరణ
(భన్‌పురిలో జరిగిన సభయందు చదివిన ప్రసంగ పాఠము)



రాయపూరు నుండి విజయనగరమునకు పోవు రైలుమార్గము 1931లో పూర్తియైనది. భన్‌పురి పరిసరములలోని తెలుగువారికి అది పుట్టింటి త్రోవ. ఆ త్రోవలో స్టేషనుల పేరుపలకల మీద సముద్రమట్టమునకు ఎంత ఎత్తో వ్రాసియుండును. రాయపూరు ఎత్తు సుమారు 300 మీటర్లు. బండి తూర్పు కనుమలను దాటి విజయనగరము చేరునప్పటికి ఆ అంకె బాగుగా తగ్గును. “ఇచ్చట సముద్రమే లేదు గదా, ఎత్తు ఎట్లు కొలిచిరి?” అని పిల్లలు అడుగుదురు. ప్రశ్న చిన్నది, సమాధానము పెద్దది.

సముద్రము నిలుకడగా నుండునది కాదు. ఆటుపోటులను ఏండ్ల తరబడి గుర్తించి సగటు తీసినగాని సముద్రమట్టము తేలదు. మన దేశమునకు 1909లో స్థిరపరచిన ఆధారమట్టము తొమ్మిది రేవుల పరిశీలనపై నిలిచినది. వానిలో విశాఖపట్టణ మొకటి. అచ్చటి నుండి సర్వేవారు మట్టపుకొలతను మజిలీ మజిలీగా లోతట్టు ప్రాంతములకు మోసికొనిపోయిరి.

మట్టపుకొలతకు అందని శిఖరములను కోణములతో కొలిచిరి. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత ఆధారరేఖను కొలిచి, త్రిభుజములను అల్లుకొనుచు దక్కనంతయు నడిచెను. ఆయన థియొడొలైటు యంత్రము అర టన్ను బరువుగలది. 1823లో హైదరాబాదు నుండి నాగపురమునకు పోవుచు హింగన్‌ఘాటు వద్ద ఆయన కన్నుమూసెను. ఆ సర్వేలోనే రాధానాథ్ సిక్దార్ గణితము వలన హిమాలయములలోని ఒక శిఖరము ప్రపంచమున కెల్ల ఉన్నతమని తేలినది. 1856లో ప్రకటించిన ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులు. 1955లో అది 29,028 అడుగులుగా, అనగా 8,848 మీటర్లుగా సవరింపబడినది. 2020 డిసెంబరు 8న నేపాలు, చైనాలు కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించినవి. నూరు మైళ్లకు పైబడిన దూరము నుండి చూచి లెక్కించినవారు ముప్పది అడుగుల లోపుననే పొరబడిరనిన, సవరణ వారికి అవమానము కాదు. వారి నైపుణ్యమునకు సాక్ష్యము.

ఇక మన ఇంటి సంగతి. తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరమేది? ఒక పుస్తకము మహేంద్రగిరి యనును; దాని ఎత్తు 1,501 మీటర్లు. మరియొకటి కోరాపుట్ జిల్లాలోని దేవమాలి యనును. అది 1,672 మీటర్లు. వేరొకటి పాడేరు సీమలోని అర్మకొండ 1,680 మీటర్లనును. ఇంకొకటి జింధగడ 1,690 మీటర్లని వ్రాయును. అర్మకొండ, జింధగడ ఒకటేయని కొందరు, వేరని కొందరు. పోటీ పరీక్షకు కూర్చుండు బాలుడు ఏది వ్రాయవలెను? అతని కష్టము నిజమైనది. పది మీటర్ల భేదము కొండదో, కొలతదో, పేరుదో తెలియక అతడు మార్కు పోగొట్టుకొనుచున్నాడు.

ఇట్టి చిక్కులను విప్పుటకు తగిన సాధనము వైమానిక లేసరు సర్వే. విమానము నుండి లేసరు కిరణమును క్షణమునకు వేలకొలది తునుకలుగా నేలపైకి పంపుదురు. అది తగిలి తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము లెక్కింతురు. వెలుతురు సెకనులో నూరుకోట్లవ వంతున 30 సెంటీమీటర్లు పోవును. రాకపోకలలో దూరము సగమగును గనుక అంత కాలమున పొరపాటు పడినచో 15 సెంటీమీటర్ల తేడా వచ్చును. విమానమున్న చోటును ఉపగ్రహముల సంకేతములు, దాని ఒరుగుదలను లోపలి యంత్రములు చెప్పును.

తూర్పు కనుమలకు దీని ఉపయోగము విశేషము. 2000 ఫిబ్రవరిలో అంతరిక్షనౌక నుండి రాడారుతో తీసిన ఎత్తుల పటము గొప్పదే గాని, అది దట్టమైన అడవిలో చెట్ల తలలనే నేలగా చూపుచు, వాడి శిఖరములను మొద్దుపరచును. లేసరు కిరణములో కొంత భాగము ఆకుల సందులనుండి దిగి నేలను తాకును. చివర తిరిగి వచ్చినదానిని ఏరుకొనిన నేల ఎత్తు దొరకును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఇట్టి వైమానిక సర్వేలు నిర్వహించినది.

అయినను యంత్రము చెప్పినదెల్ల వేదము కాదు. కిరణములు శిఖరాగ్రపు రాతిని తప్పి ప్రక్కన పడవచ్చును. గుడిగోపురమునో, రాళ్లగుట్టనో శిఖరమని భ్రమింపజేయవచ్చును. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. ఉపగ్రహములు ఎత్తును భూమికి కల్పించిన గణితరూపము నుండి లెక్కించును. ప్రజలు సముద్రమట్టము నుండి లెక్కింతురు. ఈ రెంటికి దక్షిణ భారతమున అనేక చోట్ల 70 మీటర్లకు మించిన వ్యత్యాసము కలదు. ఆ సవరణ మరచినచో దేవమాలి, అర్మకొండల తగవునకు పదింతల తగవు పుట్టును.

ఆధారము మారిన అంకె మారుననుటకు ఇంగ్లండులోని కాఫ్ టాప్ అను కొండ సాక్షి. అచ్చట 2,000 అడుగులు, అనగా 609.6 మీటర్లు దాటినదే పర్వతమని వాడుక. ఈ కొండ మొదట అంతకు కొంచెము తక్కువగా తేలినది. సముద్రమట్టపు లెక్కను మెరుగుపరచిన పిదప 2016లో దాని ఎత్తు 609.606 మీటర్లని నిర్ణయించిరి. ఆరు మిల్లీమీటర్లతో కొండ పర్వతమైనది! కొండ మాత్రము కదలలేదు.

కావున ఎత్తు అనునది ఒంటరి అంకె కాదు. ఏ సంవత్సరమున, ఏ పద్ధతిని, ఏ ఆధారమట్టము నుండి కొలిచిరో తెలిసినప్పుడే దానికి విలువ. కచేరీలలో పనిచేయువారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఉత్తర్వును సవరించునప్పుడు పాత ఉత్తర్వు సంఖ్యను, తేదీని పేర్కొందురు గదా! పటములకును, పాఠ్యపుస్తకములకును ఆ మర్యాదయే వలయును. క్రొత్త అంకెను ధైర్యముగా వ్రాయవలెను. పాతదానిని చెరపక, దాని ప్రక్కన నిలుపవలెను. అట్లు చేసిన నాడు పరీక్ష వ్రాయు బాలునికి న్యాయము జరుగును. ఎండలో యంత్రములు మోసిన వెనుకటివారి శ్రమకు గౌరవము దక్కును.