కొసరు పిచ్చుక కూడా ఆయనదే

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: ఆదికాండము 2:15, లేవీయకాండము 25:1-7, లూకా 12:6

ఈ దినము మన పెరడును గురించి, ఆ పెరటిలో మనతోపాటు బ్రతికే దేవుని ప్రాణులను గురించి ధ్యానించుదాము.

"ఆత్మలు నశించిపోతుంటే చెట్లమీద, పిట్టలమీద ప్రసంగమేమిటి అయ్యగారూ?" అని మీలో కొందరు అనుకోవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 1:20 చదివి చూడండి. సిలువ రక్తమువలన దేవుడు తనతో సమాధానపరచుకున్నది మనుష్యులను మాత్రమే కాదు, భూమిమీద ఉన్నవాటినీ పరలోకములో ఉన్నవాటినీ అన్నిటినీ అని అపొస్తలుడు బోధిస్తున్నాడు. కాబట్టి ఆత్మ రక్షణ మొదటిదే. అయితే రక్షణ పొందినవాని చేతిలో పార ఉన్నప్పుడు, ఆ పార కూడా ప్రభువు మాట వినాలి.

మొదటిది, తోట మనది కాదు, మనకు అప్పగించబడినది.

ఏదెను తోటలో దేవుడు ఆదామునకు రెండు పనులు ఇచ్చాడు. హెబ్రీ భాషలో ఆ మాటలు 'ఆబద్', 'షామర్'. ఆబద్ అనగా పని చేయుట, సేవ చేయుట. షామర్ అనగా కాపాడుట, కావలి ఉండుట. ఇవే రెండు మాటలను సంఖ్యాకాండము 3వ అధ్యాయములో లేవీయులు ప్రత్యక్షపు గుడారములో చేసే సేవకు వాడారు. గమనించారా? గుడారములో లేవీయుడు చేసే పనికీ, తోటలో ఆదాము చేసే పనికీ పరిశుద్ధ గ్రంథము ఒకే మాటలు వాడింది. ప్రతి ఆదివారము మందిరము ఊడ్చి, పూలు పెట్టే అమ్మగారు ఎంత భక్తితో చేస్తారో, అంత భక్తితో పెరటి పని కూడా చేయవలెను.

ఆయన మనకు అప్పగించినది మామూలు తోట కూడా కాదు. మన శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటించారు. ఎర్రచందనము లోకమంతటిలో సహజముగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగములోని మన కొండలలోనే. ఈ కొండల క్రింద ఇల్లు కట్టుకొని, గజము నేల కూడా మిగల్చకుండా సిమెంటు పోయుట కావలివాడు చేసే పనేనా?

రెండవది, తోటలో ఇతరులకు కూడా భాగమున్నది.

ఏడవ సంవత్సరము నేలను విడిచిపెట్టమని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు. దానంతట అది పండినది ఎవరికి? యజమానికి, దాసునికి, కూలివానికి, పరదేశికి. అంతటితో ఆగలేదు, పశువులకు, అడవి మృగములకు కూడా అన్నాడు. ద్రాక్షతోటలకు, ఒలీవ తోటలకు కూడా ఇదే మాట నిర్గమకాండము 23:11లో ఉన్నది. బీదవారు తినగా మిగిలినది అడవి జంతువులకు చెందాలి. దేవుడు తన లెక్కలో వాటి పేరు కూడా వ్రాసుకున్నాడు.

మన ఇంటిలో దీనిని ఎట్లు పాటించాలి? పచ్చిక పరచి ప్రతి సాయంత్రము బోరు నీళ్లు పోయనక్కరలేదు. రాయలసీమలో నీటి విలువ మనకు తెలుసు. మన నేల ఎరిగిన చెట్లు పెట్టండి: వేప, కానుగ, నేరేడు. గోడ ప్రక్క తంగేడు వేస్తే, దాని పసుపు పూలకోసము పెద్ద నల్ల తుమ్మెదలు వస్తాయి. కరివేపాకు, నిమ్మ చెట్ల ఆకులమీద పక్షి రెట్టవలె కనబడే పురుగును చూచి మందు కొట్టకండి. కొన్ని దినములకు అది సీతాకోకచిలుక అవుతుంది. నాలుగు ఆకులు దానికి విడిచిపెట్టండి. రాలిన ఆకులు కాల్చకుండా ఒక మూలన కుప్ప వేయండి. పాముల భయమున్నవారు ఆ కుప్పను ఇంటి గోడకు, వాకిలికి దూరముగా ఉంచండి. ఎండాకాలములో మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, తేనెటీగలు మునిగిపోకుండా అందులో రెండు రాళ్లు వేయండి. ఆ నీళ్లు ప్రతిదినము మార్చండి, లేకుంటే దోమలు పెరుగుతాయి.

మూడవది, దేవుడు చిన్నదానిని మరువడు.

మత్తయి సువార్తలో రెండు పిచ్చుకలు ఒక కాసు. లూకా సువార్తలో ఐదు పిచ్చుకలు రెండు కాసులు. లెక్క చూడండి. రెండు కాసులకు నాలుగే రావాలి. ఐదవది కొసరు! సంతలో కూరగాయలమ్మ గుప్పెడు కొత్తిమీర వేసినట్లు, వెల కట్టకుండా వేసిన పిచ్చుక. ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరువలేదని ప్రభువు చెప్పాడు.

పిచ్చుక గింజలు తింటుంది గాని, తన పిల్లలకు ముఖ్యముగా పురుగులనే పెడుతుంది. పెరటిలో పురుగన్నది లేకుండా చేస్తే, పిచ్చుక పిల్లకు తిండి లేదు. మామిడి రైతు సోదరులారా, మీ పూతకు కాయ పట్టించేది ఈగలు, తేనెటీగలే. తేనెమంచు పురుగు బాధ నిజమే. అయితే పూత విచ్చి, తేనెటీగలు తిరిగే వేళ మందు కొడితే కూలి అడగని పనివారిని మనమే చంపుకొన్నట్లు. ఏ మందు, ఎప్పుడు అన్నది ఉద్యానశాఖ వారిని అడిగి చేయండి.

పలమనేరు, కుప్పం ప్రాంతాల సహోదరులారా, మీ దుఃఖము మరచి ఈ మాటలు చెప్పుట లేదు. 1980వ దశకములో ఏనుగులు మన జిల్లాకు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. పంటలు పోయాయి, ప్రాణములు కూడా పోయాయి. నీళ్ల మూకుడు పెట్టమని చెప్పుట మీ కష్టానికి జవాబు కాదు. పంట పోయిన రైతు పొలము గట్టుకు వెళ్లి, నష్టపరిహారపు దరఖాస్తు వ్రాయుటలో సాయపడుట సంఘము చేయవలసిన పని. జంతువులకు భాగమిచ్చే భారము అడవి అంచున ఉన్న బీదవాడొక్కడే మోయకూడదు. పట్టణములో ఉన్న మనము మన వంతు మోయాలి.

ఇది జరిగే పనేనా అని అడుగుతారా? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చూడండి. ఒకప్పుడు బోడిగా ఉన్న లోయ. విద్యాలయపువారు ఎన్నో ఏండ్లు ఓపికతో చెట్లు నాటారు. పక్షులు వచ్చాయి. 1991లో దానిని పక్షుల రక్షిత స్థలముగా ప్రకటించారు. వారు మన విశ్వాసమువారు కారు. అయినను సృష్టికర్తను ఎరిగిన మనకు ఇది బుద్ధి చెప్పదా?

మన మందిర ఆవరణములు ఎట్లున్నవి? రెట్టలు వాహనములమీద పడుతున్నవని వేపచెట్టు కొట్టి, గోడనుండి గోడవరకు టైల్స్ పరచుటయే అభివృద్ధి అనుకుంటున్నాము. బలిపీఠము యొద్ద పిచ్చుకకు చోటు దొరికినదని 84వ కీర్తన సంతోషిస్తున్నది. మన మందిరములో దానికి చోటున్నదా? ఈ వారము సంఘపెద్దలు కూర్చొని ఈ ఒక్క ప్రశ్న ఆలోచించండి. ఒక మూల నేలను విడిచిపెట్టండి. సండేస్కూలు పిల్లలచేత ఒక కానుగ మొక్క నాటించి, నీళ్లు పోయు వంతులు వేయండి.

పునరుత్థాన దినమున మగ్దలేనే మరియ ప్రభువును చూచి తోటమాలి అనుకొన్నది. ఆమె పొరపడినది గాని, ఆ మాటలో ఎంత సత్యమున్నది! మొదటి ఆదాము పోగొట్టిన తోటను తిరిగి బాగుచేయువాడు ఆయనే.

ప్రార్థన చేసుకొందాము. పరలోకమందున్న మా తండ్రీ, నీవు చేసిన చిన్న ప్రాణులను చూచే కన్నులు మాకిమ్ము. మాకు అప్పగించిన నేలను నమ్మకముగా కాచే కృపనిమ్ము. అడవి అంచున భయముతో రాత్రులు గడుపు కుటుంబములను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.