పాస్‌పోర్టు మారితే బ్యాంకుకూ చెప్పాలి

 

సౌదీలో పనిచేసే మన ఊరి తమ్ముడొకరు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకున్నాడు. కొత్త పుస్తకానికి నంబరు కొత్తది. బ్యాంకులో ఉన్నది పాతది. ఖాతా ఆగింది. జీతం అందులోనే ఉన్నా ఇంటికి పంపలేకపోయాడు. ఆ నెల అతని తల్లి మందులకు మీరిచ్చిన సొమ్ములోంచే సర్దాం. ఖాతా తెరుచుకోగానే అతను తిరిగి కట్టేశాడు.

సౌదీలో పిల్లలున్న ప్రతి ఇంటికీ మేము చెప్పేదొకటే. కొత్త పాస్‌పోర్టు రాగానే యజమాని ద్వారా జవాజాత్‌లో ఇఖామా వివరాలు మార్పించుకోవాలి. ఆ వెంటనే బ్యాంకుకు వెళ్లాలి. రద్దయిన పాత పాస్‌పోర్టు పారేయకూడదు. రెండు నంబర్లూ ఒకరివేనని చూపడానికి అది పనికొస్తుంది. ఇంటి ఖర్చు ముందే పంపి ఉంచాలి.

చేయి చాచడం అలవాటులేని ఇళ్లకు ఇలాంటి నెలలో మీ సాయమే ఆసరా.