కుంకుమ పసుపైన వైనము



నేను ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. చదివినది భాషాప్రవీణ, వల్లించినది వ్యాకరణము, కొంత తర్కము. అట్టివాడు యంత్రములనుగూర్చి ప్రసంగింపనేల యని మీరడుగవచ్చును. తర్కమునందలి యొక చిన్న మాట మా మేనల్లుని యిల్లు నిలిపినది. ఆ ముచ్చట చెప్పుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

ఊరి కూడళ్లలో వ్రేలాడు ఫ్లెక్సీ పటములు మీరెల్లరును చూచియుందురు. పెండ్లికిని, జాతరకును, పెద్దల సంస్మరణకును అవి లేక జరుగుట లేదు. వానిని ముద్రించు పెద్ద ప్రింటరు నొకదానిని మా మేనల్లుడు అప్పు చేసి కొని, తెనాలిలో చిన్న యంగడి పెట్టుకొనెను. మీ బిడ్డలలోను ఇట్టి వృత్తి చేపట్టినవారుండవచ్చును. కావున కొంచెము శ్రద్ధగా వినుడని ప్రార్థించుచున్నాను.

గడచిన శరన్నవరాత్రులకు మూడు దినములు ముందు, మా గ్రామదేవాలయమువారు అమ్మవారి నిలువెత్తు పటము నతనికి పురమాయించిరి. పటము బయటికి వచ్చుచుండగా నేనును అక్కడనే యుంటిని. చూచుసరికి అమ్మవారి నుదుటి కుంకుమ పసుపుగా నున్నది! ఎఱ్ఱచీర పసుపుచీర యైనది. తోరణపు మామిడాకులు మాత్రము ఆకుపచ్చగనే యున్నవి. మరమ్మతు చేయువాడొకడు వచ్చి, నిలుచుండి చూచి, “హెడ్డు పోయినది, క్రొత్తది వేయవలె”నని చెప్పి వెడలెను. దాని వెల విని ఆ యింటి కోడలు మాటాడక చేతిగాజులు తీసి బల్లపై నుంచినది. ఆ చప్పుడు నా చెవిలో నిప్పటికిని ఉన్నది.

“మామయ్యా, ఏమి చేయుదును?” అని మేనల్లుడు నన్నడిగెను. “ముందు ఏమి పోయినదో తెలిసికొందము నాయనా, పిమ్మట గాజుల మాట” అంటిని.

ఈ యంత్రములో నాలుగే సిరాలు కలవు: సయాన్ అనెడి లేతనీలము, మెజెంటా అనెడి ముదురు గులాబి, పసుపు, నలుపు. తక్కిన రంగులన్నియు వీని కలయికలే. మెజెంటాయు పసుపును కలిసిన నెఱుపు; సయాను పసుపును కలిసిన నాకుపచ్చ; సయాను మెజెంటాయు కలిసిన ముదురు నీలము. ఎఱుపు పసుపైనది, ఆకుపచ్చ చెడలేదు. కావున పసుపు ఉన్నది, సయాను ఉన్నది. లేనిది మెజెంటా యొక్కటియే. పటము చూచియే యింతవరకు చెప్పవచ్చును.

ఇక హెడ్డు సంగతి. దాని యడుగున తలవెండ్రుకకంటె సన్నని రంధ్రములు వరుసలుగా నుండును. మా మేనల్లుని యంత్రములోని హెడ్డునకు ఎనిమిది వరుసలు, వరుసకు 180 రంధ్రములు. ఒక్కొక్క రంగునకు రెండేసి వరుసలు. రంధ్రముల వెనుక నొక విధమైన పదార్థము గలదు. విద్యుత్తు తగులగనే యది కొంచెము వంగి సిరాబొట్టును వెలుపలికి నెట్టును. కొన్ని స్ఫటికములను నొక్కిన విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. ఆ ధర్మమునకు విలోమమే యిక్కడ పనిచేయుచున్నది.

ఏ రంధ్రము పలుకుచున్నదో, ఏది పలుకుట లేదో తెలిసికొనుటకు యంత్రముననే యొక పరీక్ష కలదు. నాజిల్ చెక్ అందురు. రంధ్రమునకొక చిన్న గీత చొప్పున మెట్లు మెట్లుగా ముద్రించును. గీత లేనిచోట రంధ్రము పలుకలేదన్న మాట. మా పరీక్షలో మెజెంటా రెండు వరుసలును దాదాపు శూన్యము. తక్కినవి నిండుగా నున్నవి.

ఇక్కడ నేనొక తప్పు చేసితిని, దాచను. హెడ్డును శుభ్రపరచు మీట యొకటి యున్నదని విని, “మరల నొక్కుము, మరల నొక్కు”మని యేడుమారులు నొక్కించితిని. నొక్కినప్పుడెల్ల పంపు సిరాను పీల్చి పారబోయును. సిరా వృథా యయ్యెను. గాలి చొరబడి, బాగుగా నున్న సయానులోను కొన్ని గీతలు తప్పెను. తెలియని రోగమునకు మందు పెంచినట్లయినది. అంతట యంత్రము నాపి, ఆ రాత్రి దాని మానాన దానిని విడిచితిమి.

ఉదయమున సయాను గీతలు తిరిగి వచ్చినవి. మెజెంటా కూడ పలికినది! అయితే జానెడు ముద్రించుసరికి వెలసి, మూరెడు దాటగనే మాయమయ్యెను. అరగంట యాపి చూడగా మరల కొంచెము పలికి, మరల మాయమయ్యెను.

పెద్దలారా, మూలమంతయు నిందే యున్నది. రంధ్రములు ఎండి పూడినచో అవే గీతలు ఎప్పుడును తప్పవలెను గాని విశ్రాంతిచే తెఱచుకొనవు. విద్యుత్తు భాగము కాలినచో అరగంటకు బ్రతుకదు. ఆగిన కొలది పలికి, పనిచేసిన కొలది మూగవోవుట సిరా అందకపోవుటకు గుర్తు. బావిలో మోటారు తిరుగుచున్నను నీరు రానిచో, మోటారు కాలినదనుటకు ముందు ఫుట్‌వాల్వు చూతుము గదా! పైగా రెండు వరుసలును ఒక్కమారే పోయినవి. రెండింటికిని సామాన్యమైనది సిరా వచ్చు త్రోవ. చెడుగు ఆ త్రోవలో వెదుకవలెను.

త్రోవ యిట్టిది: సిరాతొట్టి, దానినుండి గొట్టము, గొట్టము చివర డాంపరు అను చిన్న డబ్బీ, పిమ్మట హెడ్డు. డాంపరులో సన్నని జల్లెడ యుండును. తొట్టిలో సిరా యున్నది. గాలి పోవు రంధ్రము తెఱచియే యున్నది. మిగిలినవి గొట్టము, డాంపరు.

తార్కికులు అన్వయవ్యతిరేకము లందురు. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము తొలగగా కార్యమును తొలగుట వ్యతిరేకము. రెండును కుదిరిననే నిర్ణయము. యంత్రమునకు విద్యుత్తు పూర్తిగా తీసివేయించి, మెజెంటా డాంపరును హెడ్డునుండి విడదీయించి, సిరంజితో మెల్లగా లాగించితిని. బిగిసికొని బొట్టు రాలేదు. డాంపరును తొలగించి గొట్టమునుండియే లాగగా సిరా ధారగా వచ్చెను. సయాను డాంపరును అట్లే పరీక్షింపగా తేలికగా వచ్చెను. ఇక సందేహమేమి?

“ఈ జల్లెడ యేల పూడెను?” అని యడుగగా మేనల్లుడు తలవంచుకొని నిజము చెప్పెను. పండుగలకు ఎఱుపు ఎక్కువ ఖర్చగును. మెజెంటా తఱుగగా, వేఱొక రకపు చౌక సిరాను పాతదానిపై పోసెనట. రెండును పొసగక విఱిగిన పాలవలె గడ్డలు కట్టినవి. కలిసిన సిరాను పారబోసి, గొట్టమును ఆ సిరాకు తగిన ద్రవముతో కడిగి, క్రొత్త డాంపరు బిగించి, పూర్వపు సిరా నింపితిమి. డాంపరు వెల కొన్ని వందల రూపాయలు. సాయంకాలమునకు అమ్మవారి నుదుట కుంకుమ ఎఱ్ఱగా మెఱసెను. గాజులు మరల చేతికెక్కినవి.

ఈ వృత్తిలోని పిల్లలకు మీరు చెప్పదగిన మాటలు కొన్ని కలవు. దినమున కొక్కమారైన పరీక్షగీతలు ముద్రింపుమనుడు. పని ముగియగనే హెడ్డు తన మూతపై కూర్చున్నదో లేదో, ఆ మూత అంచులు శుభ్రముగ నున్నవో లేవో చూడుమనుడు. మూత సరిగా పట్టనిచో సిరా యెండును, పంపు గాలినే పీల్చును. రంధ్రములను సూదితో పొడువరాదు, నూలు రేగు గుడ్డతో తుడువరాదు. విద్యుత్తు ఉండగా హెడ్డు తీగలను ఊడదీయరాదు. వానిపై తడి తగులనీయరాదు. సిరాలు కలుపరాదు. రెండు మూడు మారులు శుభ్రపరచినను ఫలము లేనిచో, మీట విడిచి బుద్ధికి పని చెప్పవలెను.

హెడ్డు ఎన్నడును చెడదని నేననను. సిరా చక్కగా దిగుచున్నను, రంధ్రములు శుభ్రముగ నున్నను, ఒక వరుస యొక్క గీతయైన గీయనిచో, చెడుగు హెడ్డునందో, తీగయందో, దానిని నడపు పలకయందో యుండును. అప్పుడు నేర్పరిని పిలువవలసినదే. కాని ఆ మాట చివర రావలెను, మొదట కాదు.

“పోయినది” అనుట తేలిక. ఎంతవరకు బాగున్నది, ఎక్కడ ఆగినది యని యడుగుట కొంచెము కష్టము. ఆ కష్టము మొదట పడినవారి యింట గాజులు తాకట్టునకు పోవు. మీ యింటి చిన్నవాడు రేపు దిగులుతో వచ్చి నిలిచినప్పుడు, యంత్రము మీకు తెలియకున్నను ఈ ప్రశ్న వేయుడు.